రెండు కార్తీకాలు, ఒక మాత్రల డబ్బా

మా అత్తయ్య ఇప్పుడు బాగానే ఉన్నారు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎవరూ చివరిదాకా ఊపిరి బిగబట్టుకుని చదవనక్కర్లేదు. పొద్దున్నే లేస్తున్నారు, స్నానం చేస్తున్నారు, నేను తరిగిన కూరముక్కలకి వంకలు పెడుతున్నారు. ఇంకా కోలుకోనిది నేనే. ఏడాది కావస్తున్నా మందుల షాపులోకి అడుగు పెడితే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటాను. మందుల వాసనకి కాదు. నా మీద నాకు పుట్టిన రోతకి.

నేను బరంపురంలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచర్ని. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. మావారికి బజారులో పసుపు, మిరపకాయల టోకు దుకాణం. అత్తయ్యకి డెబ్బై ఆరేళ్లు. మామయ్య పోయి మూడేళ్లయింది. నేను కాపురానికి వచ్చిన రోజు నుంచీ ఆవిడా నేనూ ఒక్క వంటింట్లోనే తిరుగుతున్నాం. ఆవిడకి షుగరు, బీపీ, వాటికి తోడు గుండెకి ఏదో చిన్న ఇబ్బంది. రోజుకి ఆరు మాత్రలు. పొద్దున్న మూడు, మధ్యాహ్నం ఒకటి, రాత్రి రెండు.

ఆ ఆరు మాత్రల కోసం నేను ఒక డబ్బా కొన్నాను. ప్లాస్టిక్కుది, ఏడు వరసలు, వరసకి మూడు గదులు. ప్రతి ఆదివారం కూర్చుని ఇరవై ఒక్క గదులూ నింపేదాన్ని. మళ్లీ ఆదివారానికి అన్నీ ఖాళీగా ఉండేవి. స్టాఫ్ రూములో ఆ డబ్బా గురించి ఉపన్యాసాలు కూడా ఇచ్చాను. "ముసలివాళ్లు మందులు సరిగ్గా వేసుకోరని అందరూ ఏడుస్తారు, పద్ధతి ఉంటే ఎందుకు వేసుకోరు?" అని తోటి టీచర్లకి చెప్పాను. ఒకావిడ నా మాట విని అలాంటి డబ్బాయే తన మామగారికి కొంది. పరీక్ష హాల్లో కాపీ కొట్టే పిల్లని వెనక వరస నుంచి పట్టుకోగలనని నాకు పేరు. ఆ పేరు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

కుమార పున్నమి నుంచి

బరంపురంలో మా తెలుగువాళ్లకి కార్తీకం రెండుసార్లు వస్తుంది. ఒడియావాళ్ల నెల పున్నమికి పూర్తవుతుంది, మనది అమావాస్యకి. అందుకని వాళ్ల కార్తీకం దసరా వెళ్లిన పున్నమికే, అంటే కుమార పున్నమికే, మొదలైపోతుంది, మనది దీపావళి మర్నాడు. వాళ్లది కార్తీక పున్నమికి అయిపోతే మనది ఇంకో పక్షం నడుస్తుంది. ఎవరైనా ఏదో ఒకటి పట్టుకుంటారు. మా అత్తయ్య రెండూ పట్టుకున్నారు.

పక్కింటి సబిత మావుసి దీనికి మొదలు. మావుసి అంటే ఒడియాలో పిన్ని. ఆవిడా మామయ్య పోయిన ఏడాదే భర్తని పోగొట్టుకుంది. ఇద్దరూ అప్పటినుంచి గోడ మీదుగా సగం తెలుగు, సగం ఒడియా కలిపి మాట్లాడుకుంటూ అక్కచెల్లెళ్లయిపోయారు. మావుసి ఏటా కార్తీకమంతా హబిష చేస్తుంది. అంటే చీకటుండగానే చన్నీళ్ల స్నానం, తులసి దగ్గర రంగుల ముగ్గు, పురాణం, పగలు ఒక్కపూట భోజనం. ఆ భోజనంలో పచ్చిబియ్యం అన్నం, పెసరపప్పు, చేమదుంప, అరటికాయ, నెయ్యి ఉంటాయి. పసుపు వెయ్యరు. పసుపు టోకున అమ్మే ఇంట్లో నెలన్నర పాటు తెల్లటి పప్పు వండించారు అత్తయ్య.

"ఒక్కపూట తింటే తినండి అత్తయ్యా. మాత్రలు మాత్రం మానకండి," అన్నాను నోము మొదలయ్యే రోజున.

"మానతానేటి? నీ డబ్బా ఉంది కదా," అన్నారు.

నీ డబ్బా అన్న ఆ మాట నాకు ఎంత తీపిగా వినపడిందో చెప్పలేను. ఒక్కపూట తినే మనిషికి మూడు పూటల మందులు ఎలా ఇవ్వాలో డాక్టరుని అడగాలని నాకు తోచకపోలేదు. అడిగితే ఆయన నోము వద్దంటాడు, ఈవిడ అలిగి మాట్లాడడం మానేస్తారు, మావారు ఇద్దరి మధ్యా నలిగి దుకాణానికి పారిపోతారు. ఎందుకొచ్చిన గొడవ అని ఊరుకున్నాను. ఇంట్లో ప్రశాంతత కోసం అనుకున్నాను కానీ నిజానికి నా బద్ధకం కోసం.

ఆ నెలన్నరలో అత్తయ్య మొహం కొంచెం ఉబ్బింది. తలనొప్పి అనేవారు. పాదాలు బరువెక్కాయి. ఉపవాసాల వల్ల అనుకున్నాను. డబ్బా మాత్రం ప్రతి ఆదివారం ఖాళీగా ఉంది, నేను నింపుతూనే ఉన్నాను. కార్తీక పున్నమినాడు శివాలయంలో మూడువందల అరవై అయిదు వత్తులు వెలిగించి వచ్చారు. అమావాస్య మర్నాడు, పోలి పాడ్యమి నాడు, తెల్లవారకుండా లేచి పెరట్లో గంగాళంలో నీళ్లు పోసి అరటిదొప్పల్లో దీపాలు వదిలారు. దాంతో నెల అయిపోయింది. ఆ రాత్రి రెండు ఇడ్లీలు తిన్నారు. అమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను నేను.

పోలి పాడ్యమి వెళ్లిన నాలుగో రోజు

పొద్దున్న ఏడుంపావుకి బడికి చీర కట్టుకుంటున్నాను. పెరట్లో కుళాయి దగ్గర బకెట్టు దొర్లిన చప్పుడైంది. వెళ్లి చూస్తే అత్తయ్య గోడకి జారగిలబడి కూర్చుని ఉన్నారు. మొహం మీద చెమట నీళ్లలా కారుతోంది, చేతులు మంచులా ఉన్నాయి.

"ఏటో అయిపోతోందే భాగ్యం. నువ్వు రెండుగా కనిపిస్తున్నావు," అన్నారు.

లేపబోతే నా మీదే వాంతి చేసుకున్నారు. చీర పాడైపోయింది. ఇక్కడ ఒక మాట రాయకుండా దాటేద్దామనుకున్నాను. దాటెయ్యను. నాకు మొదట వచ్చింది భయం కాదు, జాలి కాదు. ఆ వాసనకి ఏవగింపు వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకున్నానే అనుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు నాకు అన్నం వండిపెట్టిన మనిషి నేల మీద పడి ఉంటే నేను చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నిలబడ్డాను. రెండు క్షణాలో, మూడు క్షణాలో. తర్వాత అరిచాను, మావారు పరిగెత్తుకొచ్చారు, ఇద్దరం కలిసి ఆటోలో ఎక్కించాం.

మా వీధికి దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోముకి తీసుకెళ్లాం. కుర్ర డాక్టరు. షుగరు బాగా పడిపోయింది, బీపీ కూడా పడిపోయింది అన్నాడు. ఏం మందులు వాడుతున్నారని అడిగాడు. నేను చేతిసంచిలోంచి డబ్బా తీసి ఆయన బల్ల మీద పెట్టాను. ఆ హడావిడిలో ఇంట్లోంచి నేను తెచ్చుకున్న వస్తువు అదొక్కటే, చెప్పులు కూడా జత మారిపోయాయి.

"రెండేళ్లుగా ఇవే. ఒక్కటి కూడా తప్పలేదు సార్. నేనే స్వయంగా చూసుకుంటాను," అన్నాను ఒడియాలో.

ఆయన డబ్బా వైపు చూశాడు, షుగరు, బీపీ రాసిన చీటీ వైపు చూశాడు. "రెండేళ్లుగా ఇవే మందులు సరిపోతుంటే ఇప్పుడెందుకు ఇలా అయింది?" అన్నాడు తనలో తను. నా మాట నమ్మాడు. నమ్మాడు కాబట్టే వేరే ఏదో పెద్ద రోగం ఉందని వెతకడం మొదలుపెట్టాడు. తలకి ఒక పరీక్ష, పొట్టకి ఒక పరీక్ష, చేతి నిండా సూదులు. ఆ ముసలి ఒంటిని బల్ల మీంచి బల్ల మీదకి మార్చిన ప్రతిసారీ ఆవిడ మూలిగారు.

అక్కడి వెయిటింగ్ హాలంత అసహ్యమైన చోటు నేను చూడలేదు. ఎవరూ ఉమ్మకూడదని గోడకి వరసగా దేవుళ్ల పలకలు అంటించారు. జనం జాగ్రత్తగా దేవుడికీ దేవుడికీ మధ్య ఉన్న జాగాలో ఉమ్మారు. బెంచీ చివర ఎవరో తిని వదిలేసిన ఉప్మా పొట్లం మీద ఈగలు. ఇక మా చుట్టాలు. గోపాలపూర్ నుంచి వచ్చిన మావారి చిన్నాన్న, షుగరు మనిషికి చెనాపోడ, విరిగిన పాలతో కాల్చి చేసే మిఠాయి, పట్టుకొచ్చాడు. లోపలికి పంపనివ్వకపోతే తనే కూర్చుని తింటూ, కాకరకాయ రసం తాగిస్తే ఈ మందులన్నీ అవతల పారెయ్యొచ్చని చెప్పాడు. అతని మీసాల మీద పంచదార పాకం నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది.

మధ్యాహ్నానికి దిగపహండి నుంచి బస్సు దిగి మా పద్మ వదిన వచ్చింది. మావారికి అక్క, అత్తయ్యకి ఒక్కతే కూతురు. వస్తూనే నా ఎదురుగా నిలబడింది.

"మా అమ్మకి ఏటి పెట్టినావు భాగ్యం?"

"రోజూ పెట్టేవే వదినా."

"రోజూ పెట్టేవే పెడితే ఇలగ ఎందుకు పడిపోద్ది? ఆ డబ్బాలో నువ్వేటి పోస్తావో ఎవులు సూసినారు?"

మావారికి ఆ క్షణంలోనే ఫోను వచ్చింది. ఎప్పుడూ వస్తుంది. ఆయన హాలు బయటికి వెళ్లి మిరపకాయ బస్తాల గురించి చాలాసేపు మాట్లాడారు. ఆయన వీపు చూస్తూ కూర్చున్నాను.

రెండో రోజు

అత్తయ్య కళ్లు తెరిచారు కానీ మాట సరిగ్గా లేదు. ఒంటి మీద తులసిమాల లేదని వెతుక్కుంటున్నారని నర్సు చెప్పింది. అది తెమ్మని వదిన నన్ను ఇంటికి తరిమింది. కార్తీకమంతా మడి అని, మాల ఉండే దేవుడి అలమరని అత్తయ్య మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. మాల కోసం పటాల వెనక చెయ్యి పెట్టాను. వేళ్లకి గాజు సీసా తగిలింది.

నెయ్యి పోసుకునే పాత సీసా. బయట జిడ్డు, జిడ్డుకి అంటుకున్న పసుపు అక్షింతలు, చీమలు. మూత తీశాను. లోపల మాత్రలు. కొన్ని విడిగా ఉన్నాయి, అడుగున ఉన్నవి చెమ్మకి ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుని ముద్దయ్యాయి. గులాబీ రంగు మాత్ర రంగు కరిగి తెల్లమాత్రలకి పట్టింది. ఆ ముద్దలో ఒక బొద్దింక రెక్క. పైకొచ్చిన వాసన కుళ్లిన వాసన కాదు, తియ్యగా, మాడిన పాలలా ఉంది. పక్కనే ఒక గ్లాసు, అడుగున చుక్క నీళ్లు. ఆవిడ ఆ సీసాలోంచి తీసుకుని వేసుకుంటున్నారని ఆ గ్లాసు చూశాక తెలిసింది. పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాను.

ఆ చప్పుడుకి గోడ అవతల నుంచి సబిత మావుసి తొంగిచూసింది. "ఏటైంది బొహూ?" అంది. ఆవిడ నన్ను అలాగే పిలుస్తుంది, కోడలా అని. సీసా చూపించాను. ఆవిడ ఏమీ ఆశ్చర్యపోలేదు.

"అదా? మీ అత్తకి, మా అపాకి, హబిష కదా. భోజనం తరవాత ఏసుకోవాలి అని రాసి ఉంటే, భోజనమే లేనప్పుడు ఎలాగ ఏసుకుంటాది? మధ్యాహ్నంది ఏసుకుంది. పొద్దుటివీ రాత్రివీ దాచింది. పారేస్తే తప్పు కదా."

"దాచి?"

"నోము అయినాక అన్నీ ఏసేసుకుంటాను అంది. మీ తెలుగువాళ్లకి ఉంది కదా ఆ పద్ధతి. ఏడాది పొడుగునా పెట్టని దీపాలు పున్నమినాడు ఒక్కసారే పెట్టీసి సెల్లగొట్టీడం. మాత్ర కూడా అంతే అని సెప్పింది. మంచి పద్ధతి అనుకున్నాను నేను."

మంచి పద్ధతి. గోడ పక్కన నిలబడి ఇద్దరు ముసలమ్మలూ ఈ పద్ధతిని తీరిగ్గా తర్కించుకున్నారు. నా ఇంట్లో, నా డబ్బాలోని మాత్రల గురించి. పక్కింటివాళ్లకి తెలిసింది, నాకు తెలియలేదు. వత్తులు వెలిగించి వచ్చిన సాయంత్రం అత్తయ్య మొహం వెలిగిపోతుంటే నేను పుణ్యం వచ్చిందనే సంతోషం అనుకున్నాను. నోము అయిన మర్నాటి నుంచి ఆవిడ రోజువారీ మందులతో పాటు సీసాలోవి కూడా వేసుకున్నారు. ఉపవాసంతో సగమైపోయిన ఒంటి మీద రెట్టింపు మందులు పడ్డాయి.

ఇప్పుడు రాయబోయేది నాకు అన్నిటికంటే అసహ్యమైన సంగతి. ఆ సీసా పట్టుకుని పరిగెత్తి వెళ్లి డాక్టరు చేతిలో పెట్టి ఉండాలి. నేను దాన్ని పాత జాకెట్టు గుడ్డలో చుట్టి చేతిసంచి అడుగున పెట్టుకున్నాను. నర్సింగ్ హోముకి వెళ్లి, తులసిమాల వదినకిచ్చి, బెంచీ మీద కూర్చున్నాను. మూడు గంటలు కూర్చున్నాను. ఒక్కటి కూడా తప్పలేదు సార్ అన్నది నేను. నెలన్నర పాటు నింపి, నెలన్నర పాటు మోసపోయింది నేను. వదిన నాలుగు మూరల దూరంలో కూర్చుని, కోడళ్ల చేతికి మందులివ్వడం గురించి చుట్టాలకి చెబుతోంది. ఇప్పుడీ సీసా బయటికి తీస్తే నా గతేం కాను అని ఆలోచిస్తూ కూర్చున్నాను. లోపల ఉన్న మనిషి గతి గురించి కాదు.

అయిదు గంటల వేళ నర్సు వచ్చింది. మర్నాడు ఇంకో పరీక్ష చేస్తారనీ, అందుకు మందు ఎక్కించాలనీ, కాగితం మీద సంతకం పెట్టమనీ అంది. నలభై దాటిన ఒడియా మనిషి, చేతులు సబ్బుకి పగిలిపోయి ఉన్నాయి. పెన్ను పట్టుకున్నాను, మళ్లీ కింద పెట్టేశాను. సంచిలోంచి గుడ్డమూట తీసి ఆమె చేతిలో పెట్టాను. విప్పింది, మూత తీసింది, వాసన చూసింది. ఆమె మొహం ముడుచుకోలేదు. నా మొహం ముడుచుకుంది.

"మా అమ్మ దిండు గలీబులో దాచేది," అంది ఒడియాలో. అంతే. ఎప్పుడు దొరికిందని అడగలేదు. నా కళ్లలోకి చూసింది కాబట్టి ఆమెకి తెలుసనే అనుకుంటున్నాను. సంతకం లేని కాగితం తీసుకుని, సీసా కొంగులో పెట్టుకుని డాక్టరు గదిలోకి వెళ్లింది.

డాక్టరు నన్ను పిలిచాడు. "ఇది ఇప్పుడే దొరికిందా?" అన్నాడు. "ఇప్పుడే సార్," అన్నాను. ఆ పరీక్ష మానేశారు. మందులు మార్చారు. ఆరో రోజుకి అత్తయ్య ఇంటికొచ్చారు.

మార్గశిరం

ప్రాణం దక్కింది కదా, ఇక మర్యాదగా ఉండొచ్చు కదా నేను. ఉండలేదు. డబ్బా తీసి అటక మీద పారేశాను. మాత్రలు నా బీరువాలో పెట్టి తాళం వేశాను. పూట పూటకీ నేనే తెచ్చి అత్తయ్య నోట్లో వేసి, నీళ్లు తాగించి, "నోరు తెరవండి," అనేదాన్ని. "నాలిక ఎత్తండి. ఎడమ దవడ. కుడి దవడ." ఆవిడ తెరిచేవారు. కట్టుడు పళ్లు పైకి లేచి, చిగుళ్లు కనిపించేవి. నేను టార్చిలైటు వేసి చూసేదాన్ని. దాన్ని జాగ్రత్త అనుకునేదాన్ని.

మార్గశిర లక్ష్మివారం నాడు సబిత మావుసి అమ్మవారి ప్రసాదం ఆకులో పెట్టుకుని మా వసారాలోకి వచ్చింది. అది మాత్రల వేళ. మావుసి ముందే నోరు తెరవమన్నాను. అత్తయ్య ఒక్క క్షణం నా వైపు చూసి, తెరిచారు. మావుసి తల వంచుకుని నేల మీది ముగ్గు చూస్తూ నిలబడింది. ప్రసాదం అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది. తర్వాత నెల రోజులు ఆవిడ మా గుమ్మం తొక్కలేదు.

ఆ ఆదివారం బట్టలు ఉతుకుతుంటే అత్తయ్య చీర కొంగున జిగటగా ఏదో చేతికి తగిలింది. సగం కరిగిన మాత్ర. ఉమ్మితో తడిసి, దారాలకి అంటుకుని ఉంది. టార్చిలైటుని కూడా మోసం చేశారన్నమాట. తడిచేతులతోనే లోపలికెళ్లి ఆ కొంగు ఆవిడ మొహం ముందు పెట్టి అరిచాను. చచ్చిపోవాలని ఉందా అన్నాను. మీ వల్ల నేను మీ కూతురి చేత మాటలు పడ్డానన్నాను. వీధంతా విన్నదనుకుంటాను.

ఆవిడ మంచం మీద కూర్చుని ఆఖరిదాకా విన్నారు. తర్వాత నెమ్మదిగా అన్నారు.

"నాను సచ్చిపోవాలని మాత్రలు ఉమ్మీలేదే. నువ్వు నోట్లోకి లైటు ఏస్తే ఆ మాత్ర గొంతు దిగదు నాకు. ఎంగిలి పళ్లెం సూసినట్టు సూస్తావు నా నోరు. నీకు రోతగా ఉంటాది, నీ మొగంలో కనిపిస్తాది. నాకు మాత్రం సిగ్గుండదేటి?"

"మరి నోము అప్పుడు? అప్పుడు లైటు లేదు కదా. వేసుకోవట్లేదని ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"నువ్వు అడిగినావా?"

"రోజూ అడిగాను. వేసుకున్నారా అని రోజూ అడిగాను."

"అడిగినావు. అవునంటే నీ మొగం బాగుంటాది. కాదంటే బడిలో పిల్లల్ని తిట్టినట్టు తిడతావు. ఈ వయసులో తిట్లు తినలేక అవునన్నాను. రోజుకి రెండుసార్లు అవునన్నాను. దాంతో నీకు నిద్దర పట్టేది, నాకు పట్టేది."

నా క్లాసులో పిల్లలు కూడా అర్థమైందా అంటే అయిందనే అంటారు. అర్థం కాలేదన్న పిల్లని నేను నిలబెడతాను మరి. కొంగు ఇంకా నా చేతిలోనే ఉంది, ఆ మాత్ర వేళ్ల మధ్య పిండిలా అయిపోయింది. అప్పుడు నాకు ఆవిడ నోరు చూసి రోత పుట్టలేదు. నా చెయ్యి చూసుకుంటే పుట్టింది.

"ఇకనుంచి నేను మీ నోరు చూడను," అన్నాను.

"సూడకు. నా మాత్రలు నాకు ఒగ్గీ," అన్నారు.

ఇప్పుడు

బీరువా తాళం తీసి మాత్రలు ఆవిడ మంచం పక్క గూట్లో పెట్టేశాను. ఏ మాత్ర భోజనంతో సంబంధం లేనిదో, ఏది తిండి తినకపోతే వేసుకోకూడదో డాక్టరు దగ్గర ఆవిడే కూర్చుని తెలుసుకున్నారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను, దేవుళ్ల పలకల ఎదురుగా. పొద్దుటివి టిఫినుతో, రాత్రివి ఒడియా సీరియలు మొదలయ్యే ముందు భోజనంతో. ఆ సీరియలు ఆవిడ ప్రాణం పోయినా మానరు కాబట్టి అది గడియారం కంటే నమ్మకం. ఇంకో పది రోజుల్లో కుమార పున్నమి. ఈసారి స్నానం గోరువెచ్చటి నీళ్లతో, పురాణం మావుసి ఇంట్లో, భోజనం మాత్రం రెండు పూటలా అని డాక్టరుతో ఒప్పందం చేసుకుని వచ్చారు. రెండో పూట పాలూ పండూ అయినా తినాలని ఆయన ఆవిడకే చెప్పాడు. మావుసి మళ్లీ వస్తోంది. నేనే వెళ్లి ఆవిడ ముందు చేతులు జోడించాను. పద్మ వదినకి మాత్రం ఆ మూడు గంటల సంగతి ఇంకా చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది. తెలియనీ.

ఇంట్లో పెద్దవాళ్లకి మందులు చూసుకునేవాళ్లు నన్ను సలహా అడుగుతుంటారు, ఆ పాత డబ్బా ఉపన్యాసాల పుణ్యం. డబ్బా మంచిదే. నింపండి. కానీ ఖాళీ గది ఏమీ చెప్పదు. ఉపవాసం మొదలవకముందే డాక్టరుని అడగండి. తప్పిన మాత్రని మర్నాడు కలిపి వేసుకోకూడదని మీ ఇంటి పెద్దవాళ్లకి ఎవరైనా చెప్పారేమో అడగండి. మాకు ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇంతకు మించి నాకు చేతకాదు.

అన్నీ సర్దుకున్నాయని మాత్రం అనను. రాత్రి సీరియలు వేళ నేను పక్క గదిలో పేపర్లు దిద్దుకుంటూ చెవి అటే వేసి ఉంచుతాను. నీళ్లు తాగిన చప్పుడు కోసం. లేచి వెళ్లి చూడాలని చేతులు లాగుతాయి. ఎన్నోసార్లు లేచాను, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. ఆవిడ వేసుకుంటున్నారో లేదో నాకు ఏ రోజూ కచ్చితంగా తెలియదు. తెలియకుండా ఉండడం నాకు చాలా కష్టంగా ఉంది.

మొన్న గురువారం, దసరా సెలవుల్లో, పొద్దున్న వంటింట్లో దోసెలు పోస్తున్నాను. అత్తయ్య వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. కాసేపు పెనం వైపు చూశారు.

"ఏమే భాగ్యం. రాత్రి మాత్రలు ఏసుకోనేదు," అన్నారు.

గరిటె నా చేతిలో ఆగిపోయింది. మళ్లీ మొదలా అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆవిడ నా మొహమే చూస్తున్నారు. అది ఎలా మారుతుందో చూడ్డానికే నిలబడ్డారని నాకు తెలుసు.

"ఏమైంది?" అన్నాను.

"మరిసిపోనాను. సీరియల్లో ఆ పిల్ల ఏడస్తా ఉంటే అలగే సూస్తా పడుకుండిపోనాను. పొద్దున్న సూస్తే గూట్లోనే ఉన్నాయి. ఇప్పుడు ఏటి సెయ్యాలి? పొద్దుటివాటితో కలిపి ఏసీసుకోవాలా?"

"వద్దు. పోయినవి పోయాయి. ఇవాల్టివి ఇవాళ వేసుకోండి."

"అంతేనా?"

"అంతే అత్తయ్యా."

ఆవిడ ఇంకో క్షణం నా మొహం చూశారు. తర్వాత పీట లాక్కుని కూర్చుని కంచం ముందుకి జరిపారు. పెనం మీద దోసె మాడిపోయింది. తీసి పక్కన పడేసి ఇంకోటి పోశాను. కళ్లు తుడుచుకోవడం ఆవిడకి కనపడకూడదని అటు తిరిగాను.

"ఏడస్తన్నావేటి?" అన్నారు వెనకనుంచి.

అవునన్నాను. నేను కూడా నిజమే చెప్పాను.